గోనెసంచి చిత్రపటమైన వైనము

రేడియోలో చిత్రమును చూపజాలము. కంటికి సంబంధించిన కళను చెవికి వినిపింపబూనుట సాహసమే యని మే మెఱుగుదుము. అయినను ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి. ఏలయన, ఈనాడు మేము చెప్పదలచిన చిత్రములు చూచినంత మాత్రమున తెలియునవి కావు. వాని వెనుకనున్న కథను వినిన పిమ్మటనే కన్ను వానిని సరిగా చూడగలదు. ఆ కథ చెప్పుటకు రేడియో చాలును.

పట్టణములలో జరుగు చిత్రప్రదర్శనములకు పోయినవారు ఇట్టి దృశ్యమును చూచియే యుందురు. గోడపై పెద్ద చట్రము. దానియందు మనిషి లేడు, చెట్టు లేదు, కొండ లేదు. ఒకచోట గరుకు ఇసుక, ఒకచోట చింపి యంటించిన కాగితము, వేఱొకచోట గోనెగుడ్డ, వానిపై ఎఱ్ఱని నల్లని రంగుల పూతలు. చూచినవారిలో ఒకరు నవ్వి, “ఈపాటి గోనెలు మా కొట్టులోను ఉన్నవి, మే మెన్నడును చట్రము బిగింపలేదు” అని యనక మానరు. ఆ మాటలో పరిహాసమే కాదు, ఒక న్యాయమైన ప్రశ్నయు కలదు. గోనెసంచి ఎప్పుడు, ఎట్లు, ఏ కారణమున చిత్రపటమైనది? ఆ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానమే యీ ప్రసంగము.

మొదట ఒక విషయమును స్పష్టపఱుపవలెను. చిత్రమున పొరలుండుట క్రొత్త సంగతి కాదు. ఐరోపాలో పదునాఱవ శతాబ్దము నాటికి, ముఖ్యముగా ఓడల తెరచాపలు నేయు వెనిస్ నగరమున, చిత్రకారులు కొయ్యపలకను విడిచి గుడ్డపై వ్రాయ నారంభించిరి. గుడ్డను చట్రమునకు బిగించి, తోలునుండి కాచిన జిగురు పూసి, దానిపై సుద్దయు జిగురును కలిపిన తెల్లని పూతనో, నూనెతో నూఱిన రంగు పూతనో వేసి, అది యెండిన పిమ్మట అవిసెనూనెతో నూఱిన రంగులను పూత వెంట పూతగా వేయుచుండిరి. పలుచని పైపూత గుండ అడుగు రంగు మెఱయుటయే ఆ చిత్రముల కాంతికి మూలము.

తెలుగువారికి ఈ విధానము దూరపుది కాదు. తెలంగాణలోని చేర్యాల నకాషి చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లని సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంకనీరు కలిపి పూసి, ఎండబెట్టి, ఆ నునుపైన నేలపై కథలు వ్రాయుదురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను పాలలోను కరక్కాయ రసములోను తడిపి, అటుపై కలమును పట్టుదురు. గుడ్డను సిద్ధపఱుపక రంగు పెట్టరాదను జ్ఞానము అక్కడను ఇక్కడను ఒక్కటియే.

అయితే పాత చిత్రకారుల పొరలకొక నియమము ఉండెను. పొరలున్నట్లు చూపరులకు తెలియరాదు. చిత్రము ఒక కిటికీ వలె ఉండవలెను. దానిగుండ చూచినవారికి తోటయో, రాజసభయో కనబడవలెనే గాని, గుడ్డయు జిగురును కనబడరాదు. నేడు ఎక్సురే కిరణములతో ఆ చిత్రములను పరీక్షించినపుడు, ఒక చేయి మొదట పైకెత్తబడి తరువాత దింపబడినట్లును, ఒక ముఖముపై వేఱొక ముఖము వ్రాయబడినట్లును తెలియుచున్నది. అనగా చిత్రము తన చరిత్రను తనలోనే దాచుకొన్నది. దాచిన దానిని బయట పెట్టుటయే ఇరువదవ శతాబ్దపు చిత్రకారులు చేసిన పని.

ఆ పని 1912వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున మొదలైనది. ఆ యేడు వసంతమున పాబ్లో పికాసో ఒక చిన్న అండాకారపు చిత్రమును చేసెను. దాని వెడల్పు ఒక మూర కంటెను తక్కువ. దానియందు పేముకుర్చీ అల్లికను చేతితో వ్రాయుటకు బదులుగా, ఆ అల్లిక అచ్చువేయబడిన ఆయిల్ క్లాతు ముక్కను కాన్వాసుపై అతికించెను. దాని మీదను చుట్టును రంగులతో గాజుగ్లాసు, నిమ్మచెక్క మొదలగువానిని సూచించెను. చట్రమునకు బదులు చుట్టును ఒక త్రాడు కట్టెను. బజారులో గజముల లెక్కన అమ్ముడగు గుడ్డ చిత్రములో భాగమగుట అదియే తొలిసారి యని కళాచరిత్రకారులు సామాన్యముగా చెప్పుదురు.

ఆ సంవత్సరమే శరత్తు ఆరంభమున జార్జ్ బ్రాక్ దక్షిణ ఫ్రాన్సులోని సోర్గ్ అను ఊర నుండెను. సమీపమున నున్న అవిన్యోన్ నగరపు అంగడిలో ఓకు కొయ్య జీరలు అచ్చువేసిన గోడకాగితము ఆతని కంటబడెను. దానిని కొని, ముక్కలుగా కత్తిరించి, కాగితముపై అతికించి, బొగ్గుతో పండ్లపళ్లెమును గ్లాసును గీచెను. బ్రాక్ తాతయు తండ్రియు ఇండ్లకు రంగులు వేయు పనివారు. ఆతడును యౌవనమున ఆ పని నేర్చినవాడే. తడిరంగుపై దువ్వెన లాగి కొయ్యజీరలను పుట్టించుట, సున్నపు గోడను చలువరాయిగా భ్రమింపజేయుట ఆతనికి చేతనైన విద్యలు. రంగులో ఇసుక కలిపి గరుకుదనము తెచ్చుటయు ఆతడు చేసెను. కనుక ఈ క్రొత్తకళ పుస్తకములనుండి పుట్టలేదు. గోడలకు రంగులు వేయు పనివాని చేతినుండి పుట్టినది.

అప్పటి కాగితపు చిత్రములందు మఱొక విశేషము కలదు. 1912 చివర బాల్కను దేశములలో యుద్ధము చెలరేగెను. పికాసో తన చిత్రములందు అతికించిన వార్తాపత్రికల ముక్కలపై ఆ యుద్ధవార్తలు అచ్చుపడియుండెను. గిటారును గ్లాసును ఉన్న బల్లపైకి తుపాకుల వార్త కూడ వచ్చి కూర్చుండెను. రెండేండ్లలోనే ఆ మంట ఐరోపా నంతటిని చుట్టుముట్టెను. బ్రాక్ సైన్యమున చేరి, 1915వ సంవత్సరమున తలకు తీవ్రమైన గాయము తగిలి, పుఱ్ఱెకు శస్త్రచికిత్స జరిగి, చాలకాలమునకు గాని మరల కుంచె పట్టలేకపోయెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఈ కథ జర్మనీ దేశమునకు మరలుచున్నది. హనోవర్ నగరమున కుర్ట్ ష్విట్టర్స్ అను చిత్రకారు డుండెను. ఆతడు 1887లో జన్మించి, డ్రెస్డెన్ కళాపాఠశాలలో సంప్రదాయ పద్ధతిని చక్కగా నేర్చినవాడు. యుద్ధకాలమున ఒక ఇనుప కర్మాగారమున నమూనాలు గీయు ఉద్యోగము చేసెను. 1918లో దేశ మోడిపోయెను. పాత ప్రభుత్వము కూలెను. నాణెపు విలువ జాఱిపోవుచుండెను. అంతయు విఱిగిపోయినపుడు విఱిగిన ముక్కలతోనే క్రొత్తదానిని కట్టవలెనని ఆతడు తలచెను. వీధులవెంట నడచుచు, పాఱవేసిన ట్రాము టిక్కెట్లు, తీగెలు, గుడ్డపేలికలు, అట్టముక్కలు, సీసాబిరడాలు ఏఱుకొని వచ్చి, వానిని జిగురుతోను మేకులతోను పలకలపై కూర్చి, రంగుతో ఒకదానికొకటి పొందుపఱిచెను.

1919లో ఆతడు చేసిన యొక చిత్రమున ఒక బ్యాంకు ప్రకటన కాగితపు ముక్క చేరెను. వాణిజ్యమను అర్థమిచ్చు జర్మను పదములోని ఒక భాగము మాత్రము, ‘మెర్జ్’ అను అక్షరములు, దానిపై మిగిలెను. అర్థము లేని ఆ ముక్కనే ఆతడు తన కళకంతటికిని పేరుగా పెట్టుకొనెను. చిత్రము మెర్జ్, కవిత్వము మెర్జ్, కడకు తన యింటి గదులలో కొయ్యతోను సున్నముతోను ఏండ్ల తరబడి పెంచుచు వచ్చిన విచిత్రనిర్మాణమును మెర్జ్ గృహమే.

హిట్లరు ప్రభుత్వమున కిట్టి కళ గిట్టలేదు. 1937 జనవరిలో ష్విట్టర్స్ నార్వే దేశమునకు వెడలిపోయెను. ఆ వేసవిలో మ్యూనిక్ నగరమున ‘పతిత కళ’ యను పేర నొక ప్రదర్శనము పెట్టి, జాతికి తగని వని ఆ ప్రభుత్వము తలచిన చిత్రములను జనులు హేళన చేయుటకై వ్రేలాడదీసిరి. ష్విట్టర్స్ చిత్రములు అందు చేరెను. ఆతని కళకు పేరిచ్చిన ఆ 1919 నాటి చిత్రము ఆ తరువాత మరల కనబడలేదు. 1943 అక్టోబరులో బాంబులు పడి హనోవరులోని ఆతని యిల్లు, అందలి నిర్మాణముతో కూడ, నేలమట్టమయ్యెను.

నార్వేపై 1940లో జర్మను సేనలు దండెత్తగా, ఆతడు ఇంగ్లండునకు పాఱిపోయెను. శత్రుదేశస్థుడని ఆంగ్లేయులు ఆతనిని మాన్ ద్వీపమున నిర్బంధించిరి. అక్కడ సామగ్రి దొరకక, ఉదయమున తినుటకిచ్చిన ఓట్ల గంజిని గట్టిపఱచి బొమ్మలు చేసెనట! 1948 జనవరి 8వ తేదీన ఆతడు మరణించెను. బ్రిటిషు పౌరసత్వము లభించినదను వార్త అంతకు ముందటి దినముననే వచ్చెను. చివరి కాలమున ఒక కొట్టపు గోడపై ఆతడు మలచుచుండిన అసంపూర్ణ నిర్మాణమును 1965లో గోడతో సహా పెకలించి న్యూకాసిల్ నగరపు కళాశాలకు చేర్చి భద్రపఱచిరి. పాఱవేసిన వానిని ఏఱినవాని గోడను ఆ విధముగ లోకము ఏఱుకొనెను.

ఇక గోనెసంచి కథ. దీని నాయకుడు చిత్రకారుడుగా పుట్టినవాడు కాడు, వైద్యుడు. ఆల్బెర్టో బుర్రీ 1915లో ఇటలీ దేశపు చిట్టా ది కాస్టెల్లో అను ఊర జన్మించి, పెరుజా విశ్వవిద్యాలయమున 1940లో వైద్యపట్టము పుచ్చుకొని, సైన్యమున వైద్యుడుగా చేరెను. 1943లో ఆఫ్రికా ఉత్తరతీరమున ట్యునీషియాలో మిత్రరాజ్యముల సేనలకు చిక్కి, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున హియర్‌ఫర్డ్ అను చోట యుద్ధఖైదీ అయ్యెను. వైద్యము చేయు అవకాశము లేకపోయెను. దినములు గడపుటకై చిత్రలేఖనము మొదలుపెట్టెను. శిబిరమున పుష్కలముగా దొరకు గోనెగుడ్డయే ఆతనికి కాన్వాసయ్యెను.

గోనెసంచి తెలుగువారి కెఱుకలేని వస్తువు కాదు. ఏలూరు, నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులలో గోనెలు నేసి అనేక కుటుంబములు బ్రదికినవి. పండిన గింజకు మొదటి యిల్లు గోనెయే. చినిగిన గోనెకు దబ్బనముతో పురికొస పోసి మాసిక వేయుట మన పల్లెలలో పిల్లలు సైతము ఎఱిగిన పని. బుర్రీ చేతిలోని గోనెయు అట్టిదే. అది ఆకలిని మోసిన గుడ్డ, ఆకలి తీర్చిన గుడ్డ.

1946లో బుర్రీ స్వదేశమునకు తిరిగివచ్చి, రోము నగరమున నివసించుచు, వైద్యవృత్తిని పూర్తిగా విడిచెను. ఇటలీ అప్పుడు యుద్ధమున చితికిపోయి, పరదేశముల సహాయముతో తినుచుండెను. అమెరికానుండి సంచులలో ఆహారపదార్థములు వచ్చుచుండెను. 1949లో ఆతడు చేసిన యొక చిత్రమున చక్కెర సంచి ముక్కలు అతుకబడినవి. వానిపై అచ్చువేసిన అక్షరములు, అమెరికా పతాకపు గీతలు అట్లే కనబడుచుండును. తరువాతి సంవత్సరములలో ఆతడు గోనెలనే ప్రధానముగా గైకొని, చినిగిన చోట్లను కుట్టి, కుట్టిన చోట్లను సాగదీసి, కొన్ని రంధ్రములగుండ అడుగున నున్న నల్లని, ఎఱ్ఱని పొరలు కనబడునట్లు చేసెను.

వైద్యుడు చేసిన కుట్లు, వానినడుమ ఎఱ్ఱని రంగు. చూచినవారు అవి యుద్ధపు గాయములేయని చెప్పుకొనిరి. బుర్రీ మాత్ర మట్టి వ్యాఖ్యానమున కొప్పుకొనలేదు. ఆతడు స్వభావముచేత మితభాషి. తన చిత్రములందు రూపము, తూకము, చోటు ఇవియే ముఖ్యములని ఆతని అభిప్రాయము. ఈ రెండు మాటలలో ఏది సత్యము? మాకు తోచినంతవఱకు రెండును సత్యములే. గాయమును గూర్చి ఉపన్యసించిన చిత్రము గాయమును మఱపించును. చక్కని కూర్పుగల గోనె ఏమియు చెప్పకయే నిలిచియుండి, చూచువాని జ్ఞాపకమును తనంత తానుగ లేపును.

ఇటలీలో అందఱు దీనిని మెచ్చుకొనలేదు. రోములోని జాతీయ ఆధునిక కళాశాలలో బుర్రీ గోనె చిత్రమును ఉంచినందుకు 1959లో ఇటలీ పార్లమెంటులోనే ప్రశ్న లేవనెత్తబడెను. ప్రజల సొమ్ముతో నడచుచోట పాతగోనెకు స్థానమెట్లని వారి ఆక్షేపణ. మన ప్రదర్శనములో నవ్విన పెద్దమనిషి ప్రశ్నయు అదియే కదా! ఆ ప్రశ్న శాసనసభ వఱకు పోయినను, చిత్రమున కపకీర్తి రాలేదు. ఏది చిత్రమో ప్రజలు వాదించుకొనునట్లు చేయుటయు కళయొక్క ప్రయోజనములలో నొకటి యని మేము తలచుచున్నాము.

ఇట్టి పొరల చిత్రమును చేయు విధానమునుగూడ కొంచెము తెలిసికొందము. యాదృచ్ఛికముగా కనబడినను, దీనికి కట్టుదిట్టమైన క్రమము కలదు. మొదట గుడ్డను బిగువుగా చట్రమునకు కొట్టి, అడుగుపూత వేయవలెను. బరువైన వస్తువులు చేరునపుడు గుడ్డ వ్రేలాడిపోవును గనుక కొందఱు వెనుక పలకను చేర్చుదురు. తరువాత కాగితమో గోనెయో అంటింపవలెను. పాతకాలపు జిగురు తేమకు వదలును, పురుగులు తినును. యుద్ధానంతరమున పాలివినైలు జాతి తెల్లని జిగురు సులభముగ దొరకుటచే బుర్రీ మొదలగువారికి చేతులు వచ్చినట్లయ్యెను. 1950వ దశకపు మధ్యభాగమున అమెరికాలో, నీటితో కలుపుకొను యాక్రిలిక్ రంగులు అంగళ్లకు వచ్చెను. అవి త్వరగా ఎండును. తామే జిగురుగా కూడ పనిచేయును. నూనెరంగు పొర యెండుటకు దినములు, వారములు వేచియుండిన చోట, ఒక్క పూటలో అనేక పొరలు వేయుట సాధ్యమయ్యెను.

నూనెరంగులతో పనిచేయువారికి పూర్వులు చెప్పిన సూత్రమొకటి నేటికిని చెల్లుచున్నది. నూనె తక్కువగల పూత అడుగునను, నూనె ఎక్కువగల పూత పైనను ఉండవలెను. తాఱుమాఱు చేసినచో పైపొర ముందుగా ఎండి గట్టిపడును. అడుగుపొర ఇంకను కదలుచుండును. కొంతకాలమునకు పైపొర బీటలు వాఱును. యాక్రిలిక్ పొరపై నూనెరంగు వేయవచ్చును గాని, నూనెరంగుపై యాక్రిలిక్ నిలువదు. కనుక చిత్రకారుడు మొదటి పొర వేయునపుడే పదియవ పొరను తలపోసికొనవలెను. వేసిన తరువాత గీకుట, రుద్దుట, చింపుట, తడిపి తీయుటయు పనిలో భాగమే. ఎంత కప్పవలెను, ఎంత మిగుల్పవలెను అనునదే అసలు విద్య.

అమెరికాలో జాక్సన్ పొలాక్ 1947లో చేసిన ఒక పెద్ద చిత్రమున, చిమ్మిన రంగు పొరలలో మేకులు, గుండీలు, తాళపుచెవి, నాణెములు, అగ్గిపుల్లలు, సిగరెట్టు ముక్కలు చిక్కుకొనియున్నవి. అది న్యూయార్కు ఆధునిక కళాశాలలో నున్నది. దూరమునుండి చూచినపుడు అవి తెలియవు. అది లోతైన సముద్రమువలె పచ్చగ నల్లగ కనబడును. దగ్గఱకు పోయినపుడు ఆ సముద్రపు అడుగున ఒక మనిషి జేబులోని సామానులు కనబడును.

మన దేశమున శ్రీ వి. ఎస్. గైతోండే ఈ పొరల విద్యను మిక్కిలి ప్రశాంతమైన దారిని నడపిరి. ఆయన 1924లో నాగపురమున జన్మించి, బొంబాయి జె. జె. కళాపాఠశాలలో చదివి, 2001లో స్వర్గస్థులైరి. గోనెలు, మేకులు ఆయనకు పనికి రాలేదు. రంగును రోలరుతోను కత్తితోను పఱచి, తీసివేసి, మరల పఱచి, పలుచని పొరలలో కాంతిని నిలిపిరి. 2014లో న్యూయార్కులోని గగ్గెన్‌హైమ్ ప్రదర్శనశాల ఆయన చిత్రములతో పెద్ద ప్రదర్శనము నడపెను. చిత్తూరు ప్రాంతమున 1925లో జన్మించిన తెలుగువారు శ్రీ ఎన్. కృష్ణారెడ్డి, శాంతినికేతనమున నందలాల్ బోసు వద్ద నేర్చి, పారిసు నగరమున లోహపుపలకల అచ్చుచిత్రములందు ఘనులైరి. ఒకే పలకపై చిక్కని సిరాను పలుచని సిరాను, మెత్తని రోలరుతోను గట్టి రోలరుతోను ఎక్కించి, ఒక్క అద్దకముననే అనేక వర్ణములను పుట్టించు పద్ధతిని సాధించుటలో ఆయన ముఖ్యులు. అది కాన్వాసు కాకపోయినను పొరల విద్యయే.

ఈ చిత్రములకొక పెద్ద చిక్కు కలదు. వార్తాపత్రిక కాగితము చవుకబాఱు కొయ్యగుజ్జుతో చేయబడునది. వెలుతురు తగిలిన కొలది అది పసుపెక్కి, పెళుసెక్కి రాలిపోవును. పికాసో అతికించిననాడు లేతరంగుననున్న పత్రికలు నేడు గోధుమవర్ణమునకు మాఱినవి. గోనె పీచు ధూళిని పట్టును, తేమకు చివుకును. వానిని కాపాడువారికి తీఱని ధర్మసంకటము. చివికిన గోనెను తీసి క్రొత్తగోనె కుట్టవచ్చునా? కుట్టినచో అది ఎవరి చిత్రము? కనుక వారు వెలుతురు తగ్గించి, గాలిలోని తేమను కనిపెట్టి, ఉన్న పీచునే ఊడకుండ నిలుపుటకు పాటుపడుదురు. బీదవాని వస్తువునకు రాజవైద్యము జరుగుట చూడ ముచ్చటగానుండును.

బుర్రీ తరువాతి కాలమున గోనెలను విడిచి, పల్చని కొయ్యను, ప్లాస్టిక్కును కాల్చి చిత్రములు చేసెను. 1970వ దశకమున తెల్లని మన్ను, జిగురు కలిపిన మందమైన పూతను పలకపై వేసి, అది యెండుచు తానే బీటలు వాఱునట్లు చేసెను. మన నల్లరేగడి నేలలు వేసవిలో నెఱ్ఱెలు వాఱుట చూచినవారికి ఆ చిత్రము వెంటనే బోధపడును. పూర్వులు దోషమని భయపడిన బీటయే ఇక్కడ చిత్రమైనది. ఆతని పెద్ద చిత్రములు కొన్ని నేడు స్వగ్రామమున, ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన విశాలమైన కొట్టములలోనే ఉంచబడియున్నవి. గుంటూరు సీమవారికి ఈ సంగతి వినుట వింతగా నుండవచ్చును.

కథకు చివరిపొర ఇంకను మిగిలియున్నది. 1968 జనవరి 14, 15 తేదీల నడిరేయి సిసిలీ ద్వీపపు బెలిచే లోయలో భూకంపము వచ్చి, జిబెల్లీనా అను కొండయూరు పూర్తిగా కూలిపోయెను. బ్రదికినవారి కొఱకు కొన్ని మైళ్ల దూరమున క్రొత్త ఊరు కట్టిరి. దానిని కళాకృతులతో నింపుటకై నగరాధ్యక్షుడు లుడొవీకో కొర్రావ్ చిత్రకారులను శిల్పులను పిలిచెను. బుర్రీయు వచ్చెను. క్రొత్త ఊర ఆతనికి చేయదగిన పని కనబడలేదు. పాత ఊరి శిథిలముల వద్దకు తీసికొనిపొమ్మని, అక్కడ నిలిచి చూచి, ఆ శిథిలములనే తెల్లని సిమెంటుతో కప్పవలెనని నిర్ణయించెను.

1980వ దశకమున ఆ పని నడిచెను. ఇండ్ల శిథిలములను దిమ్మెలుగా కూర్చి, మనిషి భుజముల యెత్తున, అనగా సుమారు 1.6 మీటర్ల మందమున, సిమెంటు పోసిరి. పాత వీధులు నడచిన దారిని చాలవఱకు అనుసరించి ఆ దిమ్మెల నడుమ సందులు విడిచిరి. 1989లో డబ్బు చాలక పని ఆగెను. బుర్రీ 1995లో మరణించెను. ఆతని శతజయంతి వత్సరమగు 2015లో మిగిలిన భాగము పూర్తియయ్యెను. నేడు సుమారు 80,000 చదరపు మీటర్ల కొండవాలుపై ఒక పెద్ద తెల్లని గుడ్డ పఱచినట్లు అది కనబడును. ఆ సందులలో నడచువాడు ఒకప్పటి వీధులలోనే నడచును. గోడల కడుపులో గడపలు, మంచములు, వంటపాత్రలు ఉన్నవి.

ఇది పాతిపెట్టుటయా? పదిలపఱుచుటయా? పుట్టిన యింటిపై సిమెంటు పోయుచుండగా చూచువాని గుండె ఎట్లుండునో ఊహించుట కష్టము కాదు. కప్పకుండ విడిచినచో ముండ్లకంపలు మొలచి, రాళ్లు తలకొకటి పోయి, కొన్నియేండ్లకు ఊరుండిన చోటే తెలియకపోయెడిది. కప్పుటచే ఇండ్లు కనబడకపోయినను వీధులు మిగిలినవి. ఏది మంచిదో చెప్పు అధికారము ఆ యూరివారిదే. మేము చెప్పగలిగిన దొక్కటియే. 1912లో ఒక చిన్న బల్లబొమ్మపై ఆయిల్ క్లాతు ముక్కగా మొదలైన పని, డెబ్బదియేండ్లకు ఒక ఊరినంతటిని తన పొరలోనికి తీసికొనెను. మొదటినుండి చివరివఱకు దాని ప్రశ్న మాఱలేదు. విఱిగినదానిని పాఱవేయుదమా, దానితోనే ఏదైన కట్టుదమా?

కనుక ఇకమీద ఇట్టి చిత్రము కంటబడినపుడు, ఇందు బొమ్మ ఏది యని అడుగుటకు ముందు, ఇందు అడుగున ఏమున్నది, పైన ఏమున్నది, దేనిని కప్పిరి, దేనిని విడిచిరి అని యొకసారి అడిగి చూడవలెనని శ్రోతలను కోరుచున్నాము. అన్ని పొరల చిత్రములును మంచివి కావు. రేకెత్తించుటకై గోనె నంటించిన వారును కలరు. మంచిదానిని గుర్తించుట కష్టము కాదు. దానియందు ఒక ముక్క తీసినచో మిగిలినది కుంటుపడును. ఆ గోనె అక్కడనే ఉండితీఱవలెనని మన కన్ను ఒప్పుకొన్ననాడు, కొట్టులోని గోనెకును దానికిని గల భేదము మనకు తెలిసినట్లే.